డెబ్బై రెండు డబ్బాల కిరసనాయిలు

సంచి బరువు పన్నెండు కిలోలు మించకూడదన్నారు. నేను సర్దేసరికి పదిహేడు తూగింది.

"అయిదు నెలలకి పోతున్నానక్కా నేను. నువ్వు అయిదు జన్మలకి సరిపడా సర్దావు," అంది మా చెల్లి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నా అవస్థ చూస్తూ.

నేను పనిచేసే ప్రయోగశాలలోంచి స్ప్రింగు తూకం అడిగి తెచ్చుకున్నాను. దాన్ని కిటికీ ఊచకి తగిలించి, సంచి వేలాడదీసి, ఒక్కొక్క వస్తువే బయటికి తీస్తున్నాను. ఉన్ని మేజోళ్ళు ఆరు జతలు, దగ్గు మందు, పెదవులు పగిలితే రాసుకునే లేపనం, రెండు నవలలు, వేడినీళ్ళు పోసుకునే రబ్బరు తిత్తి.

"ఈ తిత్తి ఎందుకు?"

"కడుపునొప్పి వస్తే కాపడానికి."

"పొయ్యికి వీపానించి కూచుంటాలే. తీసెయ్."

తీసేశాను. ఆమె అటు తిరగగానే మళ్ళీ పెట్టాను.

"చూశాను," అంది ఇటు తిరక్కుండానే.

మా ఇంట్లో సంచి సర్దడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. నాకు పదమూడేళ్ళప్పుడు నాన్న ఒక సంచి పట్టుకుని వేరే ఊళ్ళో పని దొరికిందని వెళ్ళాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, తరవాత రాలేదు. మరుసటేడు అమ్మ ఆస్పత్రికి వెళ్ళింది. నేనే సర్దాను ఆ సంచి. సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. అప్పుడు చెల్లికి ఆరేళ్ళు. నేను బడి మానేశాను. ఆమెను మాన్పించలేదు. పెద్దదై వాతావరణ శాఖలో పరిశీలకురాలైంది. గాలి వేగం, మంచు మందం, ఉష్ణోగ్రత మూడు గంటలకొకసారి చూసి రాయడం ఆమె పని. ఆ శీతాకాలం ఆమెను పై స్టేషనుకు వేశారు. తనే అడిగి వేయించుకుంది.

పై స్టేషనంటే కొండ మీద, కనుమకి ఆనుకుని రెండు గదుల ఇల్లు. ఒక గదిలో పరికరాలు, ఇంకొక గదిలో మనుషులు. అక్టోబరు చివర మంచు పడి దారి మూసుకుంటే ఏప్రిల్ మొదటివారం దాకా పైకి ఎవరూ పోలేరు, కిందికి ఎవరూ రాలేరు. ముగ్గురుంటారు: పరిశీలకురాలు, ఒక మెకానిక్కు, ఒక వంటాయన. ఒకటే పొయ్యి. దాని మీదే వంట, దాని మీదే మంచు కరిగించి తాగే నీళ్ళు. దాని గొట్టం రెండు గదుల గుండా తిరిగి కప్పులోంచి బయటికి పోతుంది. కిరసనాయిలుతో మండుతుంది.

"డబ్బాలెన్ని పంపిస్తున్నారే చివరికి?" అని అడిగాను, నాకు తెలిసినా.

"డెబ్బై రెండు. నువ్వు కట్టిన లెక్కేగా. ఊరంతా చెప్పుకున్నాను, మా అక్క లెక్క కట్టిన కిరసనాయిలు కాచుకుంటున్నానని."

పన్నెండు కిలోల నాలుగువందల గ్రాముల దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. అక్టోబరు ఇరవయ్యొకటి, శనివారం పొద్దున్నే కంచరగాడిదల వెంట వెళ్ళిపోయింది. పద్దెనిమిది గాడిదలు, ఒక్కొక్కదానికి నాలుగేసి డబ్బాలు. సామాన్ల గాడిదలు వేరే. వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. చెయ్యి ఊపితే వెళ్ళడానికి ఒప్పుకున్నట్టుంటుందని నాకొక పిచ్చి.

ఆ లెక్క నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి.

పద్నాలుగేళ్ళకి నేను ఇంధనాల పరీక్ష చేసే ప్రయోగశాలలో గాజు సామాను కడిగే పనికి చేరాను. అక్కడ ఒక ఉక్కు పాత్ర ఉండేది. అరంగుళం మందం గోడలు, మరలతో బిగించే మూత. పేరు బాంబు. "మా అక్క రోజుకి మూడు బాంబులు పేలుస్తుంది," అని చెల్లి బళ్ళో చెప్పేది. పేలేది ఏమీ ఉండదు. చిన్న మూకుడులో అర గ్రాము దాటి కిరసనాయిలు తూచి పోస్తాం. దానికి తగిలేలా సన్నని తీగ కడతాం. మూత బిగించి ఆక్సిజన్ ఎక్కించి, కొలిచిన నీళ్ళున్న బాల్చీలో దించి, తీగలోకి కరెంటు పంపుతాం. లోపల నూనె రెప్పపాటులో కాలిపోతుంది. ఆ వేడి నీళ్ళకెక్కుతుంది. భూతద్దంలోంచి థర్మామీటరు చూస్తూ నిమిషానికొకసారి అంకె రాసుకుంటాం. దాదాపు మూడు డిగ్రీలు పెరుగుతుంది. నీళ్ళ బరువు, పెరిగిన డిగ్రీలు గుణిస్తే ఆ నూనె ఎంత వేడి ఇచ్చిందో వస్తుంది.

మొదట కడిగాను. తరవాత తూచాను. తరవాత అంకెలు రాశాను. ముప్పయ్యేళ్ళు వచ్చేసరికి గుణకారాలూ నేనే చేస్తున్నాను. పాత పుస్తకాల కొట్లో నవలలతో పాటు ఇంధనాల మీద ఒక లావుపాటి పాఠ్యపుస్తకం దొరికింది. అట్ట లేదు. రోజూ పని అయ్యాక రెండు పేజీలు చదివేదాన్ని. అర్థం కానిది మూడుసార్లు చదివితే సగం అర్థమయ్యేది, ఆ సగంతోనే గర్వం మొత్తం వచ్చేసేది. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు అన్నీ హైడ్రోకార్బన్లేననీ, కర్బనమూ హైడ్రోజనూ చేయీ చేయీ పట్టుకున్న గొలుసులనీ, గొలుసు తెగి ఆక్సిజన్‌తో కలిస్తే వేడి పుడుతుందనీ అందులోనే చదివాను. మా పై అధికారి కెమిస్టు గారు చదువుకున్న మనిషి, మెత్తని మనిషి. నా లెక్క సరిచూసి సంతకం పెట్టేవారు. కొన్నేళ్ళకి సరిచూడడం మానేశారు. సంతకం మాత్రం పెట్టేవారు.

ఆ ఏడు మా ప్రయోగశాలకీ వాతావరణ శాఖకీ కలిపి కొత్త డైరెక్టరు గారు వచ్చారు. ప్రతిదానికీ లెక్క కావాలనే మనిషి. పై స్టేషనుకు ఏటా తొంభై డబ్బాలు పోతున్నాయని చూసి, ఎందుకు తొంభై అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. "శాస్త్రం చదివినవాళ్ళున్న చోట అంచనాలేమిటి?" అని కెమిస్టు గారికి పురమాయించారు. కెమిస్టు గారు నాకు పురమాయించారు.

స్టోరు కీపరును అందరూ తాతయ్య అనేవారు. ఆయన దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళాను. గుమాస్తాలు నలుగురు అక్కడే టీ తాగుతున్నారు.

"తొంభై ఎందుకు తాతయ్యా?"

"ఎందుకంటే ఏం చెప్పను? నా ముందాయన తొంభై పంపాడు. ఆయన ముందాయన కూడా పంపే ఉంటాడు."

"ఎన్ని మిగిలేవి?"

"డజనో, ఓ రెండు అటూఇటూనో. గాడిదలవాళ్ళు పంచుకునేవాళ్ళు."

"ఎక్కడైనా రాసిపెట్టారా?"

"మిగిలినవాటికి రాతలెందుకమ్మా? చాలకపోతే కదా రాయాల్సింది."

"రాయని అంకెతో నేను లెక్కెలా కట్టను?" అన్నాను, నలుగురికీ వినబడేలా. గుమాస్తాలు నవ్వారు. తాతయ్య కూడా మొహమాటంగా నవ్వి, అద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు బాగుంది ఆ క్షణం. తొంభైలోంచి డజను తీసేస్తే డెబ్బై ఎనిమిది. బాంబుతో లెక్కలు కట్టే నాకు ఆ మాత్రం తీసివేత ఆ రోజు రాలేదు.

లెక్క ఇలా కట్టాను. రెండు గదులూ వెచ్చగా ఉండాలంటే సగటున రోజుకి ఇంత వేడి కావాలని భవనాల శాఖవాళ్ళు ఇచ్చారు. కాలిన వేడిలో నూటికి డెబ్బై అయిదు పాళ్ళు గదికి అందుతుందని పొయ్యి మీది రేకు పలకలో ఉంది. కిలో కిరసనాయిలు కాలితే ఎంత వేడి వస్తుందో ఎవరినీ అడగక్కర్లేదు. పైకి పోయే డబ్బాల్లోంచే నమూనా తీసుకుని, నా చేతులతో, నాలుగుసార్లు కాల్చి చూశాను. పదకొండువేల నలభై కిలోకెలోరీలు. నాలుగుసార్లూ ఇంచుమించు అదే వచ్చింది. నూట అరవై రోజులు. గుణించి, భాగించి, డబ్బాల్లోకి మారిస్తే డెబ్బై ఒకటికి పైన వచ్చింది. డెబ్బై రెండు రాశాను. పద్దెనిమిది గాడిదలకి సరిగ్గా సరిపోయింది. అంత చక్కగా కుదిరిన లెక్క నా జన్మలో కట్టలేదు. కెమిస్టు గారు సంతకం పెట్టారు. డైరెక్టరు గారు సమావేశంలో ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన నా పేరు ఎత్తలేదు. నేనూ ఆశించలేదు. చెల్లికి మాత్రం చెప్పాను.

డిసెంబరు పదమూడున ఆ పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం చదివాను. అదివరకు దాన్ని దాటవేశాను. పైన 'ఆవిరి' అని ఉంటే, బాయిలర్ల గురించి కాబోలు, మనకెందుకులే అనుకున్నాను. సొంతంగా చదువుకునేవాళ్ళకి ఇదొక రోగం. ఏది కావాలో మనమే నిర్ణయించుకుంటాం. పక్కన కూర్చుని ఇదీ చదువు అనేవాళ్ళు ఉండరు.

హైడ్రోజన్ కాలితే నీరు పుడుతుంది అని మొదలైంది ఆ అధ్యాయం. అది తెలిసిందే. కిలో కిరసనాయిలు కాలితే కిలోంబావు నీళ్ళు పుడతాయని తరవాతి వాక్యం. అది చదివి నవ్వుకున్నాను కూడా, నిప్పులోంచి నూనె కన్నా ఎక్కువ నీళ్ళా అని. ఆ నీరు పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. బిగించిన పాత్రలోనైతే ఎటూ పోలేదు కనుక చల్లారి మళ్ళీ నీరవుతుంది, అలా అయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. పొయ్యిలోనైతే ఆవిరి ఆవిరిగానే గొట్టంలోంచి బయటికి పోతుంది, దాని వేడి దానితోనే పోతుంది. కాబట్టి ఏ ఇంధనానికైనా రెండు విలువలుంటాయి. పొయ్యికి లెక్క కట్టేటప్పుడు ఎప్పుడూ తక్కువ విలువే వాడాలి. పొయ్యి చేసేవాళ్ళు పలక మీద వేసే పాళ్ళు కూడా ఆ తక్కువ విలువ మీదే.

పుస్తకం మూసేశాను. బాంబు మూత తీసినప్పుడల్లా లోపలి గోడలకి సన్నని నీటి చుక్కలు పట్టి ఉండేవి. ఇరవయ్యేళ్ళుగా పాత చీర గుడ్డతో వాటిని తుడిచేస్తున్నాను. చెమ్మ కాబోలనుకున్నాను. ఆ చుక్కల వేడి నా అంకెలో ఉంది. పై స్టేషను గదిలో మాత్రం ఉండదు.

కిలోకి ఏడువందల ఇరవై కిలోకెలోరీలు ఎక్కువ వేశాను. నూటికి ఆరున్నర. కాగితం మీద మళ్ళీ మొదటినుంచి వేశాను. డెబ్బై ఏడు డబ్బాలు కావాలి. పైన ఉన్నవి నూట యాభై రోజులకే వస్తాయి. ఏప్రిల్ రెండు దాకా మండాల్సిన పొయ్యి మార్చి ఇరవై మూడున ఆరిపోతుంది.

కాని వెంటనే ఇంకొకటి తోచింది. ఇంకా నూట పది రోజులున్నాయి. ఈ రోజు నుంచీ పదో వంతు తగ్గించి వాడినా చాలు. మనుషుల గది మూసేసి ముగ్గురూ పరికరాల గదిలో పడుకుంటే ఇంకా మిగులుతుంది కూడా. ఒక్క మాట పైకి చేరితే చాలు. పైన వైర్‌లెస్ ఉంది. రోజూ వాతావరణం అంకెలు దాని మీదే దిగుతున్నాయి.

మర్నాడు కెమిస్టు గారికి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. చూశారు. పెన్ను మూత పెట్టారు, తీశారు, పెట్టారు.

"ఇది నాకు తెలుసమ్మా," అన్నారు చివరికి. "పరీక్షలో రాశాను కూడా. అయ్యో, నాకు తెలుసే ఇది."

"పైకి కబురు పంపండి, సార్. ఒక గది మూసెయ్యమంటే చాలు."

"పంపుతాను, పంపుతాను. ఎలా పంపాలా అని. డైరెక్టరు గారు నలుగురిలో మెచ్చుకున్నారు నన్ను. ఇప్పుడు తప్పని ఎలా... కాస్త పద్ధతిగా రాసి పంపుతాను. నువ్వు ఎవరితోనూ అనకు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగం నీది, కడిగే పని కింద చేరినదానివి. లెక్క నువ్వు కట్టావని తెలిస్తే ముందు పోయేది నువ్వే."

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. నేనూ అంతే. భయస్థులిద్దరు ఒకచోట చేరితే పని ఎంత నెమ్మదిగా అవుతుందో నాకు అప్పుడు తెలియదు.

"ఆదివారం మా చెల్లితో మాట్లాడే రోజు," అన్నాను. నెలకొకసారి, మూడో ఆదివారం, ఇంటివాళ్ళకి మూడు నిమిషాలు మాట్లాడనిచ్చేవారు.

"ఏదో కాస్త జాగ్రత్తగా వాడమని చెప్పు, నష్టమేముంది. తప్పూ ఒప్పూ అనకు. అందరూ వింటారక్కడ. అసలు కబురు నేను చేరుస్తాగా."

వైర్‌లెస్ గది డైరెక్టరు గారి గదిలోకే తెరుచుకుని ఉండేది. పదిహేడో తేదీ ఆదివారమైనా ఆయన బల్ల దగ్గరే ఉన్నారు, పేపరు చదువుకుంటూ. కెమిస్టు గారు ఏదో పని ఉన్నట్టు గుమ్మంలో నిలబడ్డారు. ఆపరేటరు నా చేతికి మైకు ఇచ్చి గడియారం చూపించాడు.

"అక్కా! వినబడుతోందా? ఓవర్."

"వినబడుతోంది. తిన్నావా? నిద్ర పడుతోందా? దగ్గు తగ్గిందా?"

"ఓవర్ అనాలమ్మా," అన్నాడు ఆపరేటరు.

"ఓవర్."

"నాకు దగ్గెప్పుడొచ్చిందక్కా? ఓవర్."

డైరెక్టరు గారు పేపరు వెనక నవ్వారు.

"కిరసనాయిలు కాస్త చూసి వాడుకోండే. ఓవర్."

"చూసే వాడుతున్నాం. అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే కాలింది ఈ నెల. అయినా చలి ముదిరిన రోజులు కదా, ఎండలు వచ్చాక తగ్గుతుందిలే. ఓవర్."

"అది కాదు. ఇంకా తగ్గించండి. వీలైతే ఒక గదిలోనే సర్దుకోండి. ఓవర్."

"ముగ్గురం ఒక గదిలోనా? వంటాయన గురక నువ్వు వినలేదు. నిన్న బారోమీటరు కూడా అదిరింది." పక్కనుంచి మగ గొంతు ఏదో అంది, నవ్వులు వినిపించాయి. "అయినా నీ లెక్కలో రెండు గదులూ ఉన్నాయా లేదా? ఓవర్."

"ఉన్నాయి. ఓవర్."

"మరింకేం? నీ బెంగని నేనెప్పుడూ నమ్మలేదక్కా, నీకు గాలి వీచినా బెంగే. నీ లెక్కని మాత్రం నమ్ముతాను. అదెప్పుడైనా తప్పిందా చెప్పు? ఓవర్."

అడిగింది. తిన్నగా అడిగింది. జవాబు రెండు మాటలు. తప్పింది, చెల్లీ. గుమ్మంలో కెమిస్టు గారు నేలకేసి చూస్తున్నారు. పేపరు కిందికి దిగింది. కిరసనాయిలు గురించి ఇంతసేపా అన్నట్టు డైరెక్టరు గారు నన్ను చూశారు. చీర గుడ్డతో పాత్ర తుడిచే ఆడమనిషి డిపార్టుమెంటు లెక్క కట్టిందని, అదీ తప్పు కట్టిందని ఆ గదిలో చెప్పడం. అది ఒక్కటే కాదు. లోకంలో నన్ను లెక్కలు వచ్చినదానిగా చూసే మనిషి ఆమె ఒక్కతే. ఆమె దగ్గర ఆ మాట పోగొట్టుకోవడం.

ఆపరేటరు గడియారం మీద వేలితో కొట్టాడు.

"జాగ్రత్తగా ఉండు," అన్నాను. "ఓవర్."

"ఉంటాను. నువ్వు బెంగపెట్టుకోకు. అవుట్."

అసలు కబురు కెమిస్టు గారు చేరుస్తారు కదా అనుకుంటూ మెట్లు దిగాను.

ఇరవయ్యో తేదీన కొండ మీద తుఫాను పట్టింది. మూడు రోజులు. ఆ తరవాత పై స్టేషను పలకలేదు. వైర్‌లెస్ ఏరియల్ స్తంభం కూలి ఉంటుందని, మనుషులకేమీ కాదని, పొయ్యీ ఇల్లూ గట్టివేనని అన్నారు. ఏటా జరిగేదేనట. ఇరవయ్యారో తేదీన ఆపరేటరు నన్ను పిలిచి ఒక కాగితం చూపించాడు. "ఇదేదో మీ సెక్షన్ నుంచి ఇవాళ వచ్చింది. ఇంకెక్కడికి పంపేది?"

కెమిస్టు గారి ఉత్తరం. రాసిన తేదీ పంతొమ్మిది. డైరెక్టరు గారి బల్ల మీద సంతకం కోసం వారం పడి ఉంది. అందులో ఇలా ఉంది: శీతాకాలపు తీవ్రత దృష్ట్యా పై స్టేషనువారు కిరసనాయిలు వినియోగంలో వీలైనంత పొదుపు పాటించుట మంచిదేమో పరిశీలించగలరు. అంకె లేదు. గది మాట లేదు. తప్పన్న మాట అసలే లేదు. పంతొమ్మిదినే చేరినా మా చెల్లి దానికీ నవ్వి ఉండేది.

జనవరి రెండున నేను డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. లెక్క నాదేనన్నాను. ఏ విలువ వాడాల్సింది, ఏది వాడింది కాగితం మీద చూపించాను. ఆశ్చర్యం, అప్పుడు భయం వెయ్యలేదు. చెప్పి లాభం లేని రోజున నోరు ఎంత బాగా పెగిలిందో.

ఆయన ఓపిగ్గానే విన్నారు. "ఈ మాట పదిహేడున ఇదే గదిలో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

మనుషుల్ని పంపమన్నాను. కనుమలో మంచు నిలువెత్తు దాటి ఉందని, వెళ్ళినవాళ్ళు కూడా పోతారని అన్నారు. నిజమే. దారి తెరవగానే మొదటి గాడిద మీద కిరసనాయిలే పంపుదామన్నారు. వంటాయన భార్య, మెకానిక్కు తల్లి అప్పుడప్పుడూ ఆఫీసు వరండాలో కనిపించేవారు. "కబురేమైనా ఉందా అమ్మా?" అని నన్నే అడిగేవారు, లోపల పనిచేసేదాన్నని. లేదని చెప్పేదాన్ని. అదొక్కటీ అబద్ధం కాదు.

మార్చి ఇరవై మూడు గడిచింది. ఇంట్లో కుంపటి వెలిగించడం నా వల్ల కాలేదు.

ఏప్రిల్ ఒకటిన కనుమ దారిలో కింది గుడిసె కాపలావాడు వంటాయన్ని బల్ల మీద కట్టి మోయించుకు వచ్చాడు. మంచుకి చచ్చుబడిన ఎడమ కాలి వేళ్ళు అయిదూ, కుడి కాలివి రెండూ ఆస్పత్రిలో తీసేశారు. మూడో తేదీన గాడిదలు పై స్టేషను చేరాయి. తలుపు బయటినుంచి గడియ వేసి ఉంది. లోపల డబ్బాలు డెబ్బై రెండూ కడిగినట్టు ఖాళీ.

వంటాయన్ని చూడడానికి ఆస్పత్రికి వెళ్ళాను. మంచి మాటకారి. నన్ను చూసి లేవబోయాడు.

"ఫిబ్రవరిలోనే మెకానిక్కు గొడవపెట్టాడమ్మా, ఇవి చాలవు, గది మూసేద్దామని. అమ్మాయిగారు ఒప్పుకోలేదు. మా అక్క సగటు మీద కట్టింది, చలినెలల్లో ఎక్కువా తరవాత తక్కువా కాలుతుంది, మొత్తానికి సరిపోతుంది, పరికరాల పక్కన ముగ్గురు ఊపిరి వదిలితే అంకెలు తప్పుతాయి అంది. మార్చి రాగానే తనే మూసేయించింది. దానితో ఓ నాలుగు రోజులు లాగాం. ఇరవయ్యేడున అయిపోయింది. అరలు కాల్చాం, బల్ల కాల్చాం. నీళ్ళకి మంచు కరిగించాలి కదమ్మా. అదీ అయిపోయాక కిందికి దిగక ఇంకేం చేస్తాం?"

"నన్నేమైనా అందా?"

"మిమ్మల్నా? లేదమ్మా. ఒకరోజు కాగితం పెట్టుకుని మీ లెక్క మొత్తం మళ్ళీ వేసింది. గుణకారాలన్నీ చూసింది. ఎక్కడా తప్పు లేదంది. పొయ్యిలోనే ఏదో లోపముంది, మా అక్క లెక్క సరిగ్గానే ఉంది అంది. గొట్టం చివర రోజూ ఇంతింత మంచుగడ్డ కట్టేది. మెకానిక్కు కప్పెక్కి కర్రతో కొట్టి రాల్చేవాడు. పొగలోంచి నీళ్ళేమిట్రా అని నవ్వుకునేవాళ్ళం."

విచారణ జరిగింది. పొయ్యి పనితీరు సంతృప్తికరంగా లేదనీ, ఆ ఏడు చలి అసాధారణమనీ తేల్చారు. నా జనవరి కాగితం ఫైలులో ఎక్కడుందో కనబడలేదు. కెమిస్టు గారు బదిలీ చేయించుకున్నారు. వెళ్ళేరోజు నా బల్ల దగ్గర నిలబడి, నీళ్ళ సీసా సర్ది వెళ్ళిపోయారు. మరుసటి ఏడు తాతయ్య తొంభై డబ్బాలు పంపారు. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ ప్రయోగశాలలో ఇంకో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ప్రతి నివేదికలోనూ రెండు విలువలూ రాశాను, ఎవరూ అడక్కపోయినా. ఎవరూ అడగలేదు.

మెకానిక్కు శవాన్ని మే పదకొండున, మంచు కరిగాక, కనుమ దిగువన రెండో మలుపు కింద చూశారు. మా చెల్లి ఎక్కడా దొరకలేదు. ఆమె మార్చి ఇరవైతొమ్మిది, గురువారం, పొద్దున్న తొమ్మిది గంటలకి అంకెలు రాసి, పుస్తకం మూసి, పై స్టేషను తలుపుకి గడియ పెట్టి, మిగతా ఇద్దరితో కలిసి కిందికి బయల్దేరింది. ఇరవై ఏడేళ్ళు ఆమెకి. తిరిగి రాలేదు.